చదివింది నెలల తరబడి గుర్తుండాలంటే ఎలా చదవాలి?

రాత్రంతా కూర్చుని చదివిన పాఠం వారం తిరిగేసరికి సగం కూడా మిగలకపోతే, చాలామంది తమకు జ్ఞాపకశక్తి తక్కువని బాధపడతారు. ఎక్కువసార్లు లోపం జ్ఞాపకశక్తిలో ఉండదు, చదివిన పద్ధతిలో ఉంటుంది. జ్ఞాపకం నిలవాలంటే మెదడులో నిజంగానే నిర్మాణం పని జరగాలి. దానికి టైమ్ పడుతుంది. ఆ పని ఎలా జరుగుతుందో తెలిస్తే ఎలా చదవాలో దానంతటదే అర్థమవుతుంది.

1. ఒకే పని మీద కూర్చోండి

ఒక న్యూరాన్ (మెదడులోని నాడీకణం) ఇంకో న్యూరాన్‌కు కబురు పంపే చోటును సైనాప్స్ అంటారు. రెండిటి మధ్యా చాలా సన్నని సందు ఉంటుంది. మొదటి కణం గ్లూటమేట్ అనే రసాయనాన్ని ఆ సందులోకి వదులుతుంది, అవతలి కణం మీదున్న రిసెప్టర్లు దాన్ని అందుకుంటాయి. వీటిలో ఎన్ఎండీఏ రిసెప్టర్ ప్రత్యేకమైనది. దాని దారికి మెగ్నీషియం బిరడాలా అడ్డుపడి ఉంటుంది. గ్లూటమేట్ వచ్చినంత మాత్రాన ఆ బిరడా ఊడదు. అదే సమయానికి అవతలి కణం కూడా గట్టిగా స్పందిస్తూ ఉండాలి. రెండూ కలిసొస్తేనే కాల్షియం లోపలికి వస్తుంది. అప్పుడు ఆంపా అనే మరో రకం రిసెప్టర్లు అక్కడికి ఎక్కువగా చేరతాయి. ఇకమీదట అంతే కబురుకు ఆ కణం ఇంకా గట్టిగా స్పందిస్తుంది.

జ్ఞాపకానికి పునాదిగా భావించే ఈ బలపడటాన్ని, మెదడులో కొత్త జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగం మీద కుందేళ్లలో చేసిన ప్రయోగాల్లో టిమ్ బ్లిస్, టెర్యే లోమో చూపించి 1973లో ప్రచురించారు. కొద్ది సేపు ఇచ్చిన వేగవంతమైన విద్యుత్ ప్రేరణ ప్రభావం గంటల తరబడి నిలిచింది.

ధ్యాస సగం ఫోన్ మీద, సగం పుస్తకం మీద ఉంటే జ్ఞాపకం మొదట్లోనే పలచగా పడుతుంది. అందుకే ఫోన్ పక్క గదిలో పెట్టేయండి.

2. చదువును రోజుల మీద పరచండి

ఒక్క దశే పాటించగలం అనుకునేవారికి నేను చెప్పేది ఇదే.

పైన చెప్పిన మార్పు తాత్కాలికం. ఉన్న సరుకునే అటూ ఇటూ సర్దుకోవడం లాంటిది, కొన్ని గంటల్లో సడలిపోవచ్చు. అది నిలవాలంటే సైనాప్స్ నుంచి కబురు కణ కేంద్రకానికి చేరాలి, జన్యువులు పని మొదలుపెట్టాలి, కొత్త ప్రొటీన్లు తయారవ్వాలి. ఎరిక్ కాండెల్ దీన్ని ఎప్లీజియా అనే సముద్ర జీవిలో పరిశీలించారు. తోక మీద ఒక్క షాక్ ఇస్తే ఆ జ్ఞాపకం నిమిషాలే ఉంది. విరామాలతో అయిదు ఇస్తే రోజుల పాటు ఉంది. ప్రొటీన్ల తయారీని ఆపే మందు ఇస్తే దీర్ఘకాలిక జ్ఞాపకం ఏర్పడలేదు, తాత్కాలికమైనది మాత్రం మామూలుగానే ఏర్పడింది. శిక్షణను మరిన్ని రోజులు సాగదీస్తే కొత్త సైనాప్సులే మొలిచాయి. నాడీ వ్యవస్థపై చేసిన పరిశోధనకు 2000లో నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు.

కాబట్టి నాలుగు గంటలు ఏకబిగిన చదివే బదులు అదే నాలుగు గంటలను నాలుగు రోజులకు పంచండి. ఇవాళ, రేపు, మూడు రోజులాగి, ఆపైన వారానికి. ఈ లెక్క అచ్చంగా ఇలాగే ఉండాలని లేదు, మధ్యలో గ్యాప్ ఉండటం ముఖ్యం.

3. పుస్తకం మూసి చెప్పుకోండి

మళ్లీ మళ్లీ చదవడం హాయిగా ఉంటుంది, వచ్చేసినట్టే అనిపిస్తుంది. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో విద్యార్థులతో దీన్ని పరీక్షించారు. అయిదు నిమిషాల తర్వాత చూస్తే తిరిగి చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత చూస్తే, పుస్తకం చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లు ముందున్నారు. ఒక తెల్ల కాగితం తీసుకుని గుర్తున్నదంతా రాయండి.

రాశాక వెంటనే పుస్తకంతో సరిచూసుకోండి. గుర్తుచేసుకున్న జ్ఞాపకం కాసేపు మళ్లీ మెత్తబడి, తిరిగి గట్టిపడటానికి కొత్త ప్రొటీన్లు కావాల్సి రావచ్చని 2000లో ఎలుకల మీద జరిగిన ప్రయోగాలు చూపించాయి. తప్పును అలాగే వదిలేస్తే అదే అలవాటైపోతుంది.

4. నిద్ర తగ్గించకండి

పగలు ఒక చోట తిరిగిన ఎలుకల హిప్పోకాంపస్‌లో కలిసి పనిచేసిన కణాలే, ఆ తర్వాతి నిద్రలోనూ కలిసి పనిచేయడాన్ని విల్సన్, మెక్‌నాటన్ 1994లో గమనించారు. చదివిన రాత్రి నిద్ర మానుకుంటే ఆ పునశ్చరణకే గండి పడుతుంది.

5. మరిచిపోయినా మళ్లీ మొదలుపెట్టండి

నాకు అన్నిటికన్నా అబ్బురంగా అనిపించే సంగతి ఒకటుంది. సైనాప్సులోని ప్రొటీన్లు రోజుల్లో, వారాల్లో పాతబడి పోతాయి, వాటి స్థానంలో కొత్తవి వస్తాయి. అయినా జ్ఞాపకం ఏళ్ల తరబడి ఉంటుంది. కిబ్రా అనే ప్రొటీన్ బలపడిన సైనాప్సులను పట్టుకుని ఉండి, ఆ బలాన్ని కాపాడే పీకేఎం జీటా అనే ఎంజైమును అక్కడ నిలిపి ఉంచుతుందని 2024లో ఎలుకలపై వచ్చిన పరిశోధన చెబుతోంది. ప్రొటీన్లు మారుతున్నా గుర్తు చెరగకుండా కాపాడే పద్ధతుల్లో ఇదొకటి కావచ్చు.

పూర్తిగా మరిచిపోయామనుకున్నది కూడా రెండోసారి త్వరగా వస్తుంది. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే దీన్ని కొలిచి చూపించారు. నెల కిందట వదిలేసిన పాఠాన్ని మళ్లీ తెరిచి, ఈసారి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసి పెట్టుకోండి.