ఇంజన్ మార్చాక బోటు కదలట్లేదా? ముందు మార్కర్ తీయండి

మైపాడులో మా ఫైబర్ బోటుకి సెకండ్ హ్యాండ్ ఔట్‌బోర్డ్ ఇంజన్ (బోటు వెనక బయట తగిలించేది) బిగించాం. యాక్సిలరేటర్ తిప్పితే గోల తప్ప బోటులో ఊపు లేదు. "కొత్త ఫ్యాను కొనాల్సిందే" అన్నాడు మెకానిక్, వంగి చూడకుండానే. ఫ్యాను అంటే నీటిలో తిరిగే ప్రొపెల్లర్. మీకూ అలా చెబితే ఆగండి.

ప్రొపెల్లర్ ఊడదీసి తుడిచి, నడిమి స్లీవ్ నుంచి రబ్బరు బుష్ మీదుగా బయటి లోహం దాకా పర్మనెంట్ మార్కర్‌తో ఒకే గీత గీయండి. మళ్లీ బిగించి, వలలూ మనుషులూ ఎక్కాక 10 నిమిషాలు నడిపి చూడండి. గీత విరిగి పక్కకు జరిగిందంటే జారుతున్నది బుష్, రెక్కల తప్పేం లేదు.

గీత అలాగే ఉంటే ఇంజన్ ఎత్తు చూడండి. ప్రొపెల్లర్ పైన అడ్డంగా ఉండే పలక బోటు అడుగుకు సమంగానో, అంగుళం కిందకో ఉండాలి. మాది బాగా పైకుంది! పాత ఇంజన్ షాఫ్ట్ 20 అంగుళాలు, ఇది 15. మలుపు తిప్పినప్పుడల్లా గాలి లాగేసేది. ఇచ్చేసి లాంగ్ షాఫ్ట్ తెచ్చుకున్నాం.

లెక్క కావాలంటే: 5000 ఆర్‌పీఎం, గేరు 2:1 (ఇంజన్ రెండు చుట్లకు ప్రొపెల్లర్ ఒక చుట్టు), పిచ్ (ఒక చుట్టుకు ముందుకెళ్లాల్సిన దూరం) 9 అంగుళాలైతే, ప్రొపెల్లర్ నీటిలో జారుడే లేకుండా గంటకు 34 కిలోమీటర్లు. ఫోన్ జీపీఎస్ 25 చూపిస్తే బరువు బోటుకి మామూలే. 17 దగ్గరే ఆగితే మార్కర్ తీయండి.