బార్సిలోనాలో నీళ్ల సీసాల ఖర్చు తప్పించుకోవడానికి

జూన్ ఎండలో బార్సిలోనా తిరుగుతుంటే గంటకో నీళ్ల సీసా కొనాల్సొస్తుంది, బీచ్ దగ్గర మరీ ఖరీదు. రెండో రోజు నుంచి మేం ఇలా చేశాం: రాత్రి లీటరు ప్లాస్టిక్ సీసాలో మూడో వంతు కుళాయి నీళ్లు పోసి, ఫ్రీజర్‌లో అడ్డంగా పడుకోబెట్టాం. పొద్దున మిగతాది నింపుకుని బయల్దేరితే మధ్యాహ్నం దాకా చల్లగానే ఉన్నాయి. కుళాయి నీళ్లలో కాస్త క్లోరిన్ వాసన ఉంటుంది, చల్లబడితే అంతగా తెలియదు. అయిపోతే వీధి కుళాయిల దగ్గర మళ్లీ పట్టుకోవచ్చు. రాంబ్లా అనే పెద్ద వీధి మొదట్లో ఉన్న కనాలెతెస్ కుళాయి నీళ్లు తాగితే మళ్లీ ఆ ఊరొస్తారని అక్కడివాళ్ల నమ్మకం. మా పిల్లలు రెండుసార్లు తాగారు! 'నో పొతాబ్లే' అని రాసి ఉన్నచోట మాత్రం పట్టుకోకండి, అవి తాగే నీళ్లు కావు.