దత్తత కథ పిల్లల చేతికిచ్చే ముందు

పిల్లల నవలల్లో అనాథలు ఎందుకింతమంది అంటే, అమ్మానాన్నలు పక్కనుంటే ఏ పిల్లనీ ఒంటరిగా అడవిలోకి పోనివ్వరు కదా, అందుకే రచయితలు మొదటి పేజీల్లోనే వాళ్లని తప్పించేస్తారు. మామూలుగా అది సరదానే. చదివేది దత్తతకి వచ్చిన పిల్ల అయితే మాత్రం ముందు మీరు చదవండి, వెనక అట్ట మీది నాలుగు ముక్కలు కాదు, మొత్తం.

మొదట చూడాల్సింది కన్నతల్లి సంగతి. పోయిందా, వదిలేసిందా, చివర్లో తిరిగొస్తుందా? 1978లో వచ్చిన ‘ద గ్రేట్ గిల్లీ హాప్కిన్స్’లో గిల్లీ పుస్తకమంతా తల్లి కోసం ఎదురుచూస్తుంది, తీరా ఆవిడ వస్తుంది గానీ ఉండిపోవడానికి కాదు. పోనీ అప్పుడప్పుడే దగ్గరైన ఫోస్టర్ తల్లి (దత్తత కాకుండా కొన్నాళ్లపాటు పెంచే ఆవిడ) ఇంటికి వెళ్దామంటే అదీ కుదరదు, అమ్మమ్మ దగ్గరే ఉండాలి. నిజాయితీ గల ముగింపు, నాకు చాలా ఇష్టం, కానీ పదేళ్లు నిండని పిల్లకిచ్చి ఒంటరిగా చదువుకోమనను. చిన్నవాళ్లకి 1936 నాటి ‘బాలె షూస్’ తేలిక: రక్తసంబంధం లేని ముగ్గురు అమ్మాయిలు, ఇంటిపేరు కూడా తామే ఎంచుకుంటారు.

తర్వాత, ఇంట్లో అడుగుపెట్టే సీను. ‘యాన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్’లో పొలం పనికి మగపిల్లాడు కావాలని కబురుపెడితే పొరపాటున ఆడపిల్ల వస్తుంది. సంగతి తెలిసి యాన్ బల్ల మీద చేతుల్లో మొహం దాచుకుని భోరుమంటుంది, మర్నాడు ఆ ఇంటావిడ మరిల్లా ఆ పిల్లని బండెక్కించి బయల్దేరుతుంది కూడా. నవ్వించే పుస్తకమని ఇచ్చేస్తాం గానీ ఆ అధ్యాయాల నిండా ‘నన్ను వెనక్కి పంపేస్తారా’ అన్న భయమే. అక్కడ ఆగండి. “నీకూ అలా అనిపించిందా?” అని అడగొద్దు, బిగుసుకుపోతారు. “మరిల్లా ఇప్పుడేం చేస్తే బావుంటుంది?” అనండి, చెప్పాలనుంటే తన మాట అందులోంచే వస్తుంది. రాకపోతే పేజీ తిప్పేయండి.

పైకి చదువుతుంటే మాటల దగ్గర జాగ్రత్త. ‘రియల్ మదర్’ అని ఉన్నచోట గబుక్కున “అసలు అమ్మ” అనేస్తాం, మరి పక్కన కూర్చుని చదువుతున్న మీరెవరు? “కన్నతల్లి” అనండి. దిక్కు దొరికింది, అదృష్టవంతురాలు లాంటి వాక్యాలొస్తే నేనైతే మొహమాటం లేకుండా దాటేస్తాను.

ఇంకోటి, వరసపెట్టి అనాథ కథలే తెచ్చిపెట్టకండి. డైనోసార్లు కావాలంటే డైనోసార్లే.