‘ఏటీ?’ అంటే ‘వాట్?’ కాదు: అమెరికా వెళ్లే మనవాళ్లకి రోజువారీ ఇంగ్లీషు

శ్రీకాకుళం, విజయనగరం నుంచి చదువుకో ఉద్యోగానికో వెళ్లేవాళ్లని ఇబ్బంది పెట్టేది రాని ఇంగ్లీషు కాదు. ఇక్కడ రోజూ వాడే మాటే అక్కడ ఇంకో అర్థం ఇస్తుంది, చిక్కంతా అదే.

ముందు పేరు సంగతి. అక్కడ ‘లాస్ట్ నేమ్’ అంటే ఇంటిపేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ‘సర్‌నేమ్’ దగ్గర, మీ పేరు ‘గివెన్ నేమ్’ దగ్గర ఉన్నాయో లేదో వీసాకి పెట్టకముందే చూసుకోండి. పేరంతా సర్‌నేమ్‌లో పడి రెండోది ఖాళీగా ఉంటే, వీసా మీద మీ పేరు చోట ‘ఎఫ్ఎన్‌యు’ అని అచ్చవుతుంది, అంటే పేరు తెలియదని. ఫోన్‌లో స్పెల్లింగ్ చెప్పేటప్పుడు మన ‘యం’, ‘యన్’ వాళ్లకి ఒకేలా వినిపిస్తాయి. ‘ఎం యాజ్ ఇన్ మేరీ, ఎన్ యాజ్ ఇన్ నాన్సీ’ అనండి. ‘జెడ్’ అక్కడ ‘జీ’. నంబర్లలో ‘డబుల్ ఫైవ్’ అనకుండా ‘ఫైవ్ ఫైవ్’ అని విడివిడిగా చెప్పాలి. తేదీలో నెల ముందు: 04/05 అంటే ఏప్రిల్ 5.

విమానాశ్రయంలో ‘ఎనీ ఫుడ్?’ అంటే, పెట్టెలో పలాస జీడిపప్పు ఒక్క పొట్లం ఉన్నా ‘యెస్’ అనే చెప్పండి. చెప్పకుండా దొరికితే జరిమానా.

దుకాణంలో ‘కర్డ్’ అడిగితే చీజ్ ముక్కలు చూపిస్తారు. పెరుగుని ‘యోగర్ట్’ అంటారు, డబ్బా మీద ‘ప్లెయిన్’ అని ఉండాలి. ‘వనిల్లా’ది కూడా తెల్లగానే ఉంటుంది, అన్నంలో కలిపి ముద్ద నోట్లో పెట్టాక గానీ తీపని తెలీదు. ఇంట్లో తోడుపెట్టుకోవాలంటే ‘హోల్ మిల్క్’ కొనండి, గాలన్ డబ్బాలో సుమారు 3.8 లీటర్లుంటాయి. ‘హాఫ్ అండ్ హాఫ్’ని నీళ్లపాలు అనుకోకండి, అది సగం పాలు, సగం మీగడ. కొత్తిమీరని ‘సిలాంత్రో’ అంటారు, ధనియాలేమో ‘కోరియాండర్’. వంకాయ ఎగ్‌ప్లాంట్, బెండకాయ ఓక్రా. హోటల్లో పార్సెల్‌కి ‘టు గో’, బిల్లుకి ‘చెక్’.

కౌంటర్‌లో ‘హౌ ఆర్ యూ?’ అన్నది పలకరింపు మాత్రమే. ‘గుడ్, హౌ ఆర్ యూ?’ అంటే చాలు, మోకాళ్ల నొప్పుల కథ అక్కర్లేదు. సరిగా వినపడకపోతే మన ‘ఏటీ?’ని ‘వాట్?’ చేసేస్తాం, అది కసురుకున్నట్టుంటుంది. ‘సారీ?’ అని కొంచెం సాగదీయండి. ‘పాస్డ్ అవుట్ ఇన్ 2023’ అంటే ఆ ఏడు స్పృహతప్పి పడిపోయారని, ‘గ్రాడ్యుయేటెడ్’ అనండి. క్లాసులో ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే మాస్టారి మాట నమ్మట్లేదన్నట్టు, ‘క్వశ్చన్’ అనాలి. ‘రబ్బర్’ మాత్రం అసలు అడగకండి, అక్కడ ఆ మాటకి కండోమ్ అని అర్థం. చెరిపేది ‘ఎరేజర్’.

మందుల షాపులో పారాసిటమాల్ ‘అసిటమినోఫెన్’ పేరుతో ఉంటుంది. ‘లూజ్ మోషన్స్’ అంటే అర్థం కాదు, ‘డయేరియా’ అనాలి. అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇంటి అడ్రసు పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఫ్రిజ్‌కి అంటించండి: ఆపదలో పిలిచే 911 నంబరుకి ఫోన్ చేస్తే మొదట అడిగేది అదే. ఆసుపత్రిలో ‘తెలుగు ఇంటర్‌ప్రెటర్, ప్లీజ్’ అన్న మూడు మాటలు వాళ్లకి నోటికి వస్తే చాలు, దుబాసీని ఉచితంగా ఫోన్‌లోనైనా కలుపుతారు.