చంటిబిడ్డల ఆరోగ్యంపై పరిశోధనకు గ్రాంటు: శ్రీకాకుళం, విజయనగరం నుంచి దరఖాస్తు చేసే విధానం

2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 6 నుంచి 59 నెలల పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత ఉంది. ఐదేళ్లలోపు వాళ్లలో నూటికి 31 మంది వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదు. ఎంతమందో సర్వే చెబుతుంది. సోంపేట తీరంలో ఎందుకలా ఉంది, మెళియాపుట్టి కొండ ఊళ్లలో ఎందుకలా ఉంది అన్నది చెప్పదు. ఆ సంగతి తేల్చాల్సింది ఇక్కడ రోజూ ఆ తల్లుల్ని చూస్తున్న డాక్టర్లు, అధ్యాపకులే. వాళ్లు గ్రాంటు ఎలా తెచ్చుకోవచ్చో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందుగా చూడాల్సింది భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్. తన సొంత సంస్థల బయట పనిచేసేవాళ్లకు అది ఇచ్చే డబ్బును ఎక్స్‌ట్రామ్యూరల్ గ్రాంట్ అంటారు. శ్రీకాకుళం ప్రభుత్వ మెడికల్ కాలేజీలో పిల్లల డాక్టరైనా, ఎచ్చెర్ల అంబేడ్కర్ యూనివర్సిటీలో అధ్యాపకులైనా, 2023లో మొదలైన విజయనగరం ప్రభుత్వ మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ వాళ్లైనా రెగ్యులర్ ఉద్యోగం ఉంటే అర్హులే. స్వచ్ఛంద సంస్థకైతే కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన విభాగం (డీఎస్ఐఆర్) గుర్తింపు ఉండాలి. అది లేని సంస్థ ఏదైనా కాలేజీతో కలిసి, అక్కడి అధ్యాపకులు ప్రధాన పరిశోధకులుగా, తాము ఊళ్లలో పని చూసుకునేలా వెళ్లడం మంచిది. ఎంబీబీఎస్ చదివే పిల్లలకు ఐసీఎంఆర్‌దే రెండు నెలల షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ ఉంది. గైడ్ దొరికితే వాళ్లు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. స్టైపెండ్ మాత్రం రిపోర్టు ఆమోదం పొందాకే వస్తుంది.

దరఖాస్తులు ఐసీఎంఆర్ ఆన్‌లైన్ పోర్టల్ ఈ-పీఎంఎస్‌లోనే పెట్టాలి. దరఖాస్తులు పంపమని పిలిచే కాల్ నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకుండా ముందే రిజిస్టర్ చేసుకుని మీ వివరాలు, పబ్లికేషన్లు ఎక్కించి ఉంచండి. నోటిఫికేషన్ వచ్చాక దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవాలి. గడువు, బడ్జెట్ పరిమితి, ఏ అంశాలకు ఇస్తారు అన్నవి ప్రతిసారీ అందులోనే ఉంటాయి. సంస్థ అధిపతి సంతకం, సీలు పడాల్సిన పేజీలు కొన్ని ఉంటాయి. ఆఖరి రోజున ప్రిన్సిపాల్ మీటింగ్‌కి విజయవాడ వెళ్లి ఉంటే ఇక్కడ టెన్షన్ పడి లాభం లేదు, కాబట్టి ఆ సంతకాలు వారం ముందే చేయించుకోండి.

ఇక అసలు ప్రతిపాదన. ‘శ్రీకాకుళం జిల్లాలో శిశువుల పోషకాహార లోపంపై అధ్యయనం’ అని పేరు పెడితే చదివే నిపుణులకు అందులో ప్రశ్నే కనపడదు. ఆరు నెలలు నిండిన బిడ్డకు పై తిండి మొదలుపెట్టడం ఏ ఇళ్లలో, ఎందుకు ఆలస్యమవుతోంది? అంగన్‌వాడీ నుంచి వచ్చే పోషకాహార పొడి బాలామృతం బిడ్డ నోట్లోకి ఎంత వెళ్తోంది, ఇంట్లో మిగతావాళ్లకు ఎంత పోతోంది? ఇవీ ప్రశ్నలంటే. జవాబు దొరికితే సూపర్‌వైజర్ నుంచి కలెక్టర్ దాకా ఎవరైనా దాన్ని పట్టుకుని ఏదో ఒకటి చేయగలరు.

మన ప్రాంతంలో దరఖాస్తులు బలహీనపడే చోటు ఒకటుంది, దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పుట్టిన దగ్గర్నుంచి ఏడాది దాకా బిడ్డను చూస్తామని రాస్తాం. కానీ తొలి కాన్పుకు అమ్మాయి కన్నవారింటికి వెళ్తుంది, మూడో నెలో ఐదో నెలో వచ్చాక బిడ్డతో అత్తవారింటికి చేరుతుంది. అంటే నరసన్నపేటలో నమోదైన బిడ్డ ఆరో నెలకు బొబ్బిలిలో ఉంటుంది. పనుల కోసం హైదరాబాద్, చెన్నై వెళ్లే కుటుంబాలు సరేసరి. అందుకే నమోదు రోజునే రెండు ఇళ్ల చిరునామాలు, రెండు ఊళ్ల ఆశా కార్యకర్తల నంబర్లు తీసుకుంటామని, మధ్యలో దొరక్కుండా పోయే పిల్లల్ని లెక్కలో పెట్టుకునే శాంపిల్ సైజు (ఎంతమందిని చేర్చుకోవాలన్న లెక్క) వేశామని రాయండి. ఆ ఒక్క పేరా చూస్తే చాలు, మీకు ఈ నేల తెలుసని చదివేవాళ్లకు అర్థమవుతుంది.

కొలతలు ఎలా తీస్తారో కూడా విడమరిచి రాయాలి. రెండేళ్లలోపు బిడ్డను నిలబెట్టి కాదు, ఇన్‌ఫాంటోమీటర్ మీద పడుకోబెట్టి పొడవు కొలవాలి. అది ఇద్దరు మనుషుల పని. ఒకరు తల కదలకుండా పట్టుకుంటే ఇంకొకరు మోకాళ్లు చాపి పాదాలకు పలక ఆనించాలి. బరువు తూచేటప్పుడు బట్టలు తీయిస్తాం గానీ వెండి మొలతాడు, కాళ్ల గజ్జెలు తీయడానికి అమ్మమ్మలు ఒప్పుకోరు. ఒప్పుకోనప్పుడు ఏమేం ఉన్నాయో నమోదు చేసి, ప్రతిసారీ అలాగే తూస్తామని ప్రోటోకాల్‌లో, అంటే పని పద్ధతి చెప్పే పత్రంలో, రాసుకోవచ్చు. వచ్చిన అంకెల్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 ఎదుగుదల ప్రమాణాలతో పోల్చాలి.

పరిశోధనలో చేరేవాళ్లకు హాని, అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఆమోదం లేకుండా ఏ బిడ్డనూ నమోదు చేయకూడదు. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఆ కమిటీకి కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగంలో రిజిస్ట్రేషన్ ఉండాలి, మీ కాలేజీ కమిటీకి ఉందో లేదో ముందే కనుక్కోండి. బిడ్డ తరఫున అంగీకారం ఇచ్చేది తల్లిదండ్రులు. ముప్పు పెద్దగా లేని అధ్యయనాలకు మామూలుగా ఒకరి అంగీకారం సరిపోతుందని ఐసీఎంఆర్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. భర్త గుజరాత్‌లోని వేరావల్‌కు చేపల వేటకు వెళ్లిన ఇంటికి ఇది అక్కరకొస్తుంది. చదువు రాని తల్లి వేలిముద్ర వేస్తే పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఉండాలి. ఇచ్ఛాపురం వైపు ఒడియాలో, కొండ ఊళ్లలో సవరలో చెప్పగల మనిషి కావాలి. ఫారం తెలుగు కూడా ‘రక్త నమూనా సేకరణకు సమ్మతించుచున్నాను’ అన్నట్టు కాకుండా ఇలా ఉండాలి: ‘పాప మడమ నుంచి రెండు మూడు చుక్కల రక్తం తీస్తాం. కాసేపు ఏడుస్తుంది. వద్దంటే తీయం, ఆసుపత్రిలో మీకు అందే వైద్యం ఏమీ తగ్గదు.’

బిడ్డలకు కొత్తగా ఏదైనా ఇచ్చి పరీక్షించే ట్రయల్ అయితే మొదటి బిడ్డ చేరకముందే ట్రయల్స్‌ జాతీయ రిజిస్ట్రీ అయిన సీటీఆర్ఐలో నమోదు తప్పనిసరి. ఊళ్లలో పనికి జిల్లా వైద్య ఆరోగ్యాధికారి అనుమతి, అంగన్‌వాడీల్లో చేసే పనికి వాటిని నడిపే ఐసీడీఎస్ అనుమతి లేఖ కావాలి. విదేశీ డబ్బు గానీ విదేశీ భాగస్వామి గానీ ఉంటే కేంద్ర ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీకి వెళ్లాలి, స్వచ్ఛంద సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి.

డబ్బు ఎక్కడి నుంచి తీసుకోకూడదో కూడా తెలిసి ఉండాలి. డబ్బా పాలు, శిశు ఆహారం తయారుచేసే కంపెనీలు ఆరోగ్య కార్యకర్తలకు, వాళ్ల సంఘాలకు పరిశోధన పేరుతో, సెమినార్ల పేరుతో, ఫెలోషిప్పుల పేరుతో డబ్బు ఇవ్వడాన్ని 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం, దానికి 2003లో చేసిన సవరణ నిషేధించాయి. ఎంత మంచి మాటలతో వచ్చినా ఆ డబ్బు ముట్టుకోవద్దు.

బడ్జెట్‌లో సిబ్బంది జీతం, పరికరాలు, ప్రయాణం విడివిడిగా, ఒక్కో దానికి కారణం చెబుతూ రాయాలి. జీతాలు ఐసీఎంఆర్ ప్రకటించిన రేట్ల ప్రకారమే వేయాలి. కూలి మానుకుని వచ్చే తల్లికి ఆ రోజు కూలి, ఆటో చార్జీలు ఇవ్వడం న్యాయం, అది కూడా అందులో చూపించండి, ఎథిక్స్ కమిటీకీ చెప్పండి.

గ్రాంటు మంజూరయ్యాక కాలేజీ అకౌంట్స్ సెక్షన్‌తో మొదటి వారంలోనే కూర్చోండి. ఆర్థిక సంవత్సరం ముగియగానే ఖర్చుల పట్టిక, 12-ఏ ఫారంలో వినియోగ ధ్రువపత్రం, పని ఎంత జరిగిందో చెప్పే రిపోర్టు పంపాలి. అవి వెళ్లకపోతే తర్వాతి విడత రాదు. విడత ఆగితే ఫీల్డ్ వర్కర్ జీతం ఆగుతుంది, ఆ అమ్మాయి వేరే పని చూసుకుంటుంది. ఆ నెలలో తొమ్మిది నెలలు నిండిన పిల్లల కొలతలు మళ్లీ తీసుకోవడం కుదరదు.