చికెన్ స్టాక్ ఎలా చేయాలి? ఎముకలను ఉడికించండి, మరిగించకండి

వారానికోసారి చికెన్ వండే ఇంట్లో స్టాక్ కోసం, అంటే ఎముకలు ఉడికించి వడకట్టిన రసం కోసం, విడిగా కొనవలసింది ఏమీ ఉండదు. మెడ, వీపు ఎముక, రెక్కల కొసలు, ఉల్లిపాయ తొక్కలు, కొత్తిమీర కాడలు ఎలాగూ చెత్తబుట్టలోకే పోతుంటాయి. వాటిని గిన్నెలో వేసి, నీళ్ళు పోసి, సన్నని సెగ మీద మూడు గంటలు వదిలేయడమే పని. ఇంత సులువైన పనిని కూడా చాలామంది పాడుచేసి, కుడితినీళ్ళలాంటి బూడిదరంగు ద్రవాన్ని వడకట్టుకుని, "స్టాక్ అంటే ఇంతే కాబోలు" అనుకుంటారు. ఇంతే కాదు. సరిగా చేసిన స్టాక్ లేత బంగారు రంగులో ఉంటుంది. గాజు గ్లాసులో పోస్తే అవతల పెట్టిన చెంచా కనిపిస్తుంది. పాడయ్యేది ఒక్క చోటే, మంట దగ్గర. మిగతావి గబగబా చెప్పేసి అక్కడికి వస్తాను.

ఎముకలు

కిలో ఎముకలు కావాలి. ఒక్కరోజులో రావు కాబట్టి ఫ్రీజర్‌లో ఒక సంచి పెట్టుకోండి. కూరకు ముక్కలు కడిగేటప్పుడు కండ లేని మెడ, వీపు, రెక్కల కొసలు అందులో వేస్తూ పోతే మూడు నాలుగు ఆదివారాలకు నిండుతుంది. అంత ఓపిక లేకపోతే చికెన్ కొట్టులో అడగండి. బోన్‌లెస్ తీసుకున్న రోజున ఆ కోడి ఎముకలు కొట్టులోనే ఉండిపోతాయి. అడిగితే ఇస్తారు, మనమే అడగం.

కాళ్ళు కూడా అడిగి తెచ్చుకోండి. కోడి కాళ్ళలో కండ ఉండదు, ఉన్నదంతా చర్మం, నరాలు, మెత్తటి ఎముక. స్టాక్‌కు చిక్కదనం వచ్చేది వాటినుంచే. మరిగే నీళ్ళలో అర నిమిషం ముంచితే పైనున్న పసుపు పొర చేతికి ఊడివస్తుంది. గోళ్ళ కొసలు కొట్టేసి నాలుగైదు కాళ్ళు వేయండి. చూడటానికి ఇబ్బందిగా ఉంటే ముఖం పక్కకు తిప్పుకుని వేయండి, కానీ వేయండి.

తినేసిన ఎముకలు మాత్రం వద్దు. ఎంగిలి మాట పక్కన పెట్టినా, మన కూర ఎముకకు ఉప్పు, కారం, మసాలా అంటుకుని ఉంటాయి. దానితో వచ్చేది పలచబడ్డ కూర పులుసు. ఎప్పుడూ పచ్చి ఎముకలే వాడండి. కడిగేటప్పుడు అలవాటు కొద్దీ పసుపు వేయకండి, రంగంతా దానిదే అవుతుంది.

బ్రాయిలర్ కోడి వయసు ఆరు వారాలు మించదు. లేత ఎముకలు కాబట్టి మూడు గంటలు చాలు. నాటుకోడికైతే నాలుగైదు గంటలు పడుతుంది. రుచిలో మాత్రం నాటుకోడికి సాటి లేదు. మంట మీద కాల్చిన తోలు ముక్కలు నాలుగు పడితే ఇంకా మంచిది.

తొక్కలు

ఉల్లిపాయ పై తొక్కలు మంచి రంగునిస్తాయి, కానీ తొక్క లోపల నల్లటి పొడి ఉంటే అది బూజు, పారేయండి. మన ఉల్లిపాయల్లో అది తరచుగా కనిపిస్తుంది. క్యారెట్ కొసలు, టమాటా తొడిమ పక్క ముక్క ఒకటి, కొత్తిమీర కాడలు, వేళ్ళతో సహా (మట్టి పోయేలా మూడుసార్లు కడిగి), అల్లం చెక్కు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, పది మిరియాలు. అంతే. క్యాబేజీ, కాలీఫ్లవర్ వేస్తే మురుగు వాసన వస్తుంది. బంగాళాదుంప తొక్క వేస్తే గంజి అవుతుంది. కాకర, బీట్‌రూట్ సంగతి చెప్పనక్కర్లేదు. విదేశీ వంటల్లో వేసే సెలరీ కాడ లేదని బాధపడకండి, కొత్తిమీర వేరు ముందు అది దిగదుడుపే. లవంగం, చెక్క, యాలక్కాయ వేశారంటే అది బిర్యానీ ఎసరు, స్టాక్ కాదు. ఉప్పు అసలే వద్దు. నీళ్ళు ఇగిరేకొద్దీ ఉప్పు పెరుగుతుంది, తరువాత దించడం మన చేతిలో ఉండదు.

పొయ్యి మీదకు

అడుగు మందంగా ఉన్న పెద్ద గిన్నె తీసుకుని, ఎముకలు వేసి చల్లటి నీళ్ళు పోయండి. కిలోకు రెండు లీటర్లు, ఎముకలు మునిగి పైన రెండు వేళ్ళ నీళ్ళు నిలవాలి. తొందరపడి వేడినీళ్ళు పోయకండి. చల్లటి నీళ్ళు మెల్లగా కాగుతుంటే ఎముకల్లోని నెత్తురూ మాంసరసమూ నీళ్ళలోకి దిగి, ఒకదానికొకటి అంటుకుని తెట్టులా పైకి తేలతాయి. గరిటెతో తీసేయవచ్చు. వేడినీళ్ళలో అవే సన్నని పలుకులుగా విరిగి నీళ్ళంతా పరుచుకుంటాయి. ఇక ఏ గుడ్డలో వడకట్టినా పోవు.

మధ్యస్థంగా మంట పెట్టి గిన్నె పక్కనే నిలబడండి. ఇరవై నిమిషాలకు అంచు వెంట బూడిదరంగు నురుగు సన్నని గీతలా కనిపిస్తుంది. మరో రెండు నిమిషాలకు అది మధ్యకు జరిగి, మురికి మీగడలా చిక్కబడుతుంది. చిల్లుల గరిటెను నీటి మట్టానికి ఆనించి, అంచు నుంచి మధ్యకు లాగుతూ ఎత్తండి. పక్కన గిన్నెలో నీళ్ళు పెట్టుకుని ప్రతిసారీ గరిటె ముంచి కడగండి. పది నిమిషాల్లో నురుగు తెల్లబడుతుంది, ఆ తెల్ల నురుగుతో పేచీ లేదు. ఒక్కసారి కూడా కలపకండి. కూర కాదు ఇది, అడుగంటదు.

మంట

తెలుగులో నీళ్ళకు ఎన్ని అవస్థలున్నాయో చూడండి: గోరువెచ్చన, కాగడం, సలసల, కుతకుత, తెర్లడం. స్టాక్‌కు కావలసింది సలసలకు ఒక్క అడుగు ఇవతల. చప్పుడు ఉండకూడదు. నీటి మీద చర్మం జలదరించినట్టు చిన్న కదలిక, గిన్నెలో ఏదో ఒక పక్క నుంచి ఒక బుడగ, కాసేపాగి ఇంకొకటి. బుడగల్ని తీరిగ్గా ఒకటి, రెండు అని లెక్కపెట్టగలిగితే మంట సరిగా ఉన్నట్టు. లెక్క తప్పితే ఎక్కువైనట్టు. థర్మామీటర్ ఉంటే 85 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి.

ఎందుకింత పట్టుదల అంటారా? ఎముకలకూ నరాలకూ అంటిన కొల్లాజెన్ అనే మాంసకృత్తి కరిగి, స్టాక్‌కు చిక్కదనమిచ్చే జెలటిన్ కావడానికి నీళ్ళు తెర్లనక్కర్లేదు. ఆ పని నూరు డిగ్రీలకు చాలా కిందే మొదలవుతుంది. వేడికంటే కాలం ముఖ్యం దానికి. మంట పెంచితే ఆ పని కాస్త త్వరగా అవుతుంది, నిజమే. కానీ దానితోపాటే నీళ్ళు కిందా మీదా తిరగబడి, పైన తేలవలసిన కొవ్వును చిలికి సన్నని చుక్కలుగా నీటిలో కలిపేస్తాయి. మజ్జిగ చిలికిన కవ్వం లాంటిదే. ఆ కొవ్వు ఇక విడిపోదు. స్టాక్ తెల్లబడుతుంది, నాలుక మీద జిడ్డు పొర కడుతుంది. పది నిమిషాలు ఆదమరిస్తే చాలు, రెండున్నర గంటల శ్రమ పోయినట్టే. ఒకసారి ఫోను మోగితే వరండాలోకి వెళ్ళి మాట్లాడి వచ్చేసరికి నా గిన్నెలో అదే జరిగింది. ఆ స్టాక్‌ను మూడు పొరల గుడ్డలో వడకట్టాను. మూడు పొరలూ జిడ్డయ్యాయి, స్టాక్ మాత్రం తేటపడలేదు.

జపాన్‌లో టొంకొట్సు రామెన్ అనే నూడుల్స్ సూపుకు పంది ఎముకలను కావాలనే గంటల తరబడి తెర్లించి పాలలా చేస్తారు కదా అంటారు కొందరు. అక్కడ తెలుపే కావాలి కాబట్టి అలా చేస్తారు. మన పాతబస్తీ నిహారీ (మాంసం పులుసు) కుండను రాత్రంతా సన్నసెగ మీద వదిలేసినవాళ్ళకు సన్నసెగ విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

చిక్కేమిటంటే, మన గ్యాసు పొయ్యిల్లో పెద్ద బర్నర్‌ను సిమ్‌లో పెట్టినా రెండు లీటర్ల నీళ్ళకు అది ఎక్కువే. అందుకని చిన్న బర్నర్ వాడండి. అదీ ఎక్కువైతే గిన్నె కింద మందపాటి దోసె పెనం పెట్టండి, బిర్యానీ దమ్ముకు పెట్టినట్టే. నేను ఇంకో పని కూడా చేస్తాను. గిన్నెను బర్నర్ మీద కొంచెం పక్కకు జరుపుతాను. అప్పుడు బుడగలు ఒక అంచునే వస్తాయి, తెట్టు రెండో అంచున చేరుతుంది, తీయడం తేలిక. మూత పూర్తిగా పెట్టకండి. మూసిన గిన్నెలో మంట మార్చకపోయినా వేడి పెరిగి తెర్లడం మొదలవుతుంది. మూతను రెండు వేళ్ళ సందు ఉండేలా వారగా పెట్టండి. నీళ్ళు తగ్గి ఎముకలు బయటపడితే అరగ్లాసు వేడినీళ్ళు పోయండి, ఈ దశలో చల్లటివి వద్దు.

ఇంకొకటి. సిమ్‌లో ఉన్న మంట కిటికీ గాలికీ, ఫ్యాను గాలికీ ఆరిపోతుంది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంటుంది. కిటికీ తెరిచి ఉంచండి గానీ గాలి నేరుగా పొయ్యికి తగలకూడదు. గిన్నె పెట్టి బజారుకు వెళ్ళకండి, కునుకు తీయకండి.

కుక్కర్‌లో చేయకూడదా అని మా వదిన ప్రతిసారీ అడుగుతుంది. ఎనిమిది విజిళ్ళు, అరగంటలో అయిపోతుందంటుంది. నిజమే, లోపల వేడి 120 డిగ్రీల దాకా పోతుంది కాబట్టి ఎముకలు త్వరగా మెత్తబడతాయి. కానీ విజిల్ వచ్చిన ప్రతిసారీ ఆవిరి బయటికి పోయి, లోపలి ఒత్తిడి తగ్గి, నీళ్ళు ఒక్కసారిగా ఎగిసి తెర్లుతాయి. ఎనిమిది విజిళ్ళంటే ఎనిమిది కవ్వాలు. విజిల్ రాకుండా మంట తగ్గించుకుంటూ, చివర ఆవిరి దానంతటదే దిగేదాకా ఆగగలిగితే కుక్కర్లోనూ తేటగానే వస్తుంది. అంత కాపలా కాసేదానికి గిన్నెలోనే కాయవచ్చు కదా! పైగా కుక్కర్‌లో తెట్టు తీసే దారే లేదు.

చెంచాడు వెనిగర్ వేస్తే ఎముకల్లోని కాల్షియమంతా దిగుతుందని కూడా వింటుంటాను. దిగేది బహు స్వల్పం. కాల్షియం కావాలంటే గ్లాసెడు పాలు తాగండి.

చివరి గంట, వడపోత

తొక్కలూ మిరియాలూ ఆఖరి గంటలోనే వేయాలి. మొదటినుంచీ ఉంటే అవి ముద్దయి, స్టాక్‌కు ఉడికిన గడ్డి వాసన పట్టిస్తాయి. మెడ ఎముకను వేళ్ళతో నొక్కితే కీళ్ళ దగ్గర విడిపోతున్నప్పుడు దించండి. జల్లెడలో పలచని నూలుగుడ్డ పరిచి గరిటెతో తోడి పోయండి, గిన్నెను ఎత్తి కుమ్మరించకండి. మిగిలిన పిప్పిని పిండకండి, నొక్కకండి. ఆ చివరి అరకప్పు కోసం ఆశపడితే పైన చెప్పిన కాపలా అంతా వృథా.

వెంటనే చల్లార్చండి. గిన్నెను చన్నీళ్ళ తొట్టిలో దించి, నీళ్ళు వేడెక్కితే మార్చండి. రెండు గంటల్లోపు గది వేడికి వచ్చి, డబ్బాల్లో పడి ఫ్రిజ్‌లోకి వెళ్ళిపోవాలి. వేసవిలో రాత్రంతా గట్టు మీద వదిలేసి పొద్దున మళ్ళీ మరిగిస్తే సరిపోతుందనుకోకండి. కొన్ని సూక్ష్మజీవులు వదిలిన విషం మరిగించినా పోదు. ఫ్రిజ్‌లో మూడు రోజులు, ఫ్రీజర్‌లో మూడు నెలలు. సగం స్టాక్‌ను ఐస్ ట్రేలో పోసుకుంటే కూరకు రెండు ముక్కలు తీసుకోవడం తేలిక.

మర్నాడు పొద్దున డబ్బా తీస్తే పైన పసుపుపచ్చని కొవ్వు పలక కట్టి ఉంటుంది. గీకి తీసి చిన్న సీసాలో పెట్టుకోండి, కోడిగుడ్డు వేపుడుకు బాగుంటుంది. కింద ఉన్న స్టాక్ డబ్బాను కదిపితే తాటిముంజెలా వణకాలి. వణకకుండా నీళ్ళలా కదిలితే నీళ్ళు ఎక్కువ పోశారు, లేదా కాళ్ళు వేయలేదు. అదేమీ పాడైనట్టు కాదు. కొవ్వంతా తీసేశారు, ఎముకల్లేవు, చిలకడానికి ఏమీ మిగల్లేదు. కాబట్టి ఇప్పుడు పెద్ద బర్నర్ మీద పెట్టి, మూడో వంతు ఇగిరిపోయేదాకా మీ ఇష్టం వచ్చినట్టు తెర్లించుకోండి.