చివర ‘బి’ పలకని నమ్: అర్థం, వాడుక

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి హాల్లోనే నర్సింగ్ అమ్మాయిలకు ఇంగ్లీషు చెబుతాను. ఎక్కువమంది ఓఈటీ, అంటే విదేశాల్లో పనిచేయాలనుకునే వైద్య సిబ్బందికి పెట్టే ఇంగ్లీషు పరీక్ష, రాసేవాళ్లే. అందులో పేషెంటుతో మాట్లాడే రోల్‌ప్లేలు రెండుంటాయి. ఒళ్లు మొద్దుబారింది అనడానికి వాడే ఇంగ్లీషు మాటను (numb) ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరైనా ‘నంబ్’ అని ఒత్తి పలుకుతారు. ముందు అది సరిచేసుకోండి. రాతలో చివర బి ఉంటుంది, నోటికి మాత్రం ‘నమ్’.

అసలు ఆ బి మొదట్లో లేనే లేదు. పాత ఇంగ్లీషులో ‘నిమన్’ అనే క్రియ ఉండేది. తీసుకోవడం, పట్టుకోవడం అని అర్థం. జర్మనీకి వెళ్లాలని జర్మన్ చదువుతున్నవాళ్లకు ‘నేమెన్’ తెలుసుగా, రెండూ ఒక తల్లి పిల్లలే. ఆ నిమన్‌లోంచే ‘పట్టుబడినది’ అనే అర్థంలో నమ్ పుట్టింది. చలికో జబ్బుకో చిక్కిన ఒళ్లన్నమాట. బి 17వ శతాబ్దంలో వచ్చి చేరింది, దువ్వెనకు వాడే ‘కోమ్’ స్పెల్లింగులాంటివి చూసి తగిలించారు. చురుకు అనే అర్థమున్న ‘నింబుల్’ కూడా ఈ ఇంటిదే. చటుక్కున అందుకునేది నింబుల్, దొరికిపోయింది నమ్!

మా నాయనమ్మ పీట మీంచి లేవబోతూ “కాలు తిమ్మిరి పట్టిందే, ఓ చెయ్యి ఇవ్వు” అనేది. ఆ ‘పట్టింది’ గుర్తుంటే ఇంగ్లీషు మాట పుట్టుక మర్చిపోరు.

కానీ తిమ్మిరికీ నమ్‌కీ తేడా ఉంది. ఇక్కడే మార్కులు పోతాయి. చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు ఉంటే అది ‘టింగ్లింగ్’. గిల్లినా తెలియనంతగా మొద్దుబారితేనే నమ్. పన్ను పీకే ముందు ఇంజక్షన్ ఇస్తే పెదవి మనది కాదన్నట్టు ఉంటుంది చూడండి, అదీ నమ్. నాకు ఓసారి ఆ మొద్దు వదలకముందే వేడి కాఫీ తాగి పెదవి కాలింది, సాయంత్రానికి గానీ తెలియలేదు. మిర్చి యార్డులో పనిచేసి వచ్చినవాళ్ల చేతుల మంట మాత్రం ‘బర్నింగ్’, దానికి నమ్ అనకండి.

వాక్యం కట్టేటప్పుడు తెలుగును వెంటేసుకుని వెళ్లొద్దు. తెనాలి నుంచి రైల్లో వచ్చే అమ్మాయి ఒకతె “నమ్‌నెస్ ఈజ్ కమింగ్” అనేసింది. “మై హ్యాండ్ ఈజ్ నమ్” అనాలి, లేదా “హ్యాజ్ గాన్ నమ్”. ఇంకా ఎక్కువ మొద్దుబారిందనడానికి ‘నమ్మర్’ అనే రూపం ఉంది గానీ, రాస్తే అచ్చం మన ఫోన్ నంబరే! అందుకే ‘మోర్ నమ్’ అనమంటాను.

పేషెంటు చెయ్యి నమ్ అంటే “ఎప్పట్నుంచి?” దగ్గరే ఆగకండి, ఏ వేళ్లో కూడా అడగండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు అయితే మణికట్టు దగ్గర నరం నొక్కుకుని ఉండొచ్చు. చిటికెనవేలైతే తరచూ మోచేతి దగ్గర. షుగరుందంటే పాదాల సంగతీ అడగాలి, అక్కడ మొద్దుబారితే పుండు పడినా తెలియదు.